మరుగుపడుచున్న మన పేర్లు



నేటి నా ప్రసంగము పేర్లను గూర్చినది. దేవతల సహస్రనామములను గూర్చి గాని, మహారాజుల బిరుదావళులను గూర్చి గాని కాదు. మన గ్రామములలో తాతలకును అవ్వలకును ఉండి, మనుమలకు లేకుండ పోవుచున్న సామాన్యమైన పేర్లను గూర్చి నాలుగు మాటలు మనవి చేయదలచితిని.

ఇప్పుడు ఇంట బిడ్డ పుట్టగనే తలిదండ్రులు ఎవరికిని లేని పేరు కావలెనని వెదకుచున్నారు. ఆ పేరు రెండక్షరములలో ముగియవలెను. పలుకుటకు నాజూకుగా నుండవలెను. బడిలో ఆ పేరుగల బిడ్డ మరియొకరు ఉండరాదు. ఈ కోరికలో దోషమేమియు లేదు. బిడ్డ తమకు అపురూపము గనుక పేరుకూడ అపురూపముగ నుండవలెనని కోరుదురు. కాని అపురూపమైన పేర్లకై అంత దూరము పోవలసిన పని లేదు. మీ గ్రామపు ఓటర్ల పట్టికను చేతబట్టుకొని, డెబ్బదియేండ్లు దాటినవారి పేర్లు చదువుడు. పెంటయ్య, పుల్లమ్మ, తవిటయ్య, భిక్షమయ్య, సైదులు, మస్తానమ్మ, పెంచలయ్య, ఐలయ్య, నూకరాజు, పైడితల్లి మున్నగు పేర్లు కనబడును. పిమ్మట ఇరువదియేండ్ల వారి పేర్లు చదువుడు. మునుపటి పేర్లలో ఒకటి రెండైనను కనబడుట అరుదు.

పేరు పోయిన నేమి నష్టమని మీరు అడుగవచ్చును. పేరు మాత్రమే పోయినచో నష్టము స్వల్పమే. కాని ఆ పేరు పెట్టిన హేతువు కూడ దానితో పోవుచున్నది. ఏ తల్లి ఏ మ్రొక్కు మ్రొక్కినది, ఏ యేట ఏ జబ్బు వచ్చినది, ఏ యూరినుండి ఏ యూరికి వలస వచ్చితిమి అను సంగతులు ఆ పేర్లలో దాగియున్నవి. వీనిని వ్రాసిన గ్రంథము లేదు. తెలిసినవారు మీరే. కావున ఈ మాటలు మీతోనే చెప్పుచున్నాను.

మొదట శాస్త్రము మాట. నామకరణమునకు గృహ్యసూత్రములు నియమములు చెప్పినవి. మగబిడ్డ పేరునందు అక్షరములు సరిసంఖ్యగా, అనగా రెండుగనో నాలుగుగనో, ఉండవలెననియు, ఆడుబిడ్డ పేరునందు బేసిసంఖ్యగా నుండవలెననియు ఆపస్తంబాదులు విధించిరి. స్త్రీల పేర్లు సుఖముగా పలుకదగినవిగను, మనోహరముగను, మంగళకరముగను ఉండవలెనని మనుస్మృతి చెప్పినది. ఇవి చదువుకొన్నవారి నియమములు. జనసామాన్యము తన పద్ధతిని తాను నడుపుకొనుచునే వచ్చెను. ఆ పద్ధతులలో మొదటిది తాతపేరు మనుమనికి పెట్టుట.

ఈ ఆచారము నిన్న మొన్న వచ్చినది కాదు. క్రీస్తుశకము మూడవ శతాబ్దమున కృష్ణాతీరమున విజయపురిని, అనగా నేటి నాగార్జునకొండ ప్రాంతమును, ఇక్ష్వాకు రాజులు ఏలిరి. వారిలో మొదటివాడు శాంతమూలుడు. అతని కుమారుడు వీరపురుషదత్తుడు. వీరపురుషదత్తుని కుమారునికి మరల తాతపేరే వచ్చినది. అతడు ఎహువల శాంతమూలుడు. ఆ రాజులు తమ పేర్లకు ముందు తల్లి గోత్రమును జెప్పుకొనుచు వాసిష్ఠీపుత్రుడనియు, మాఠరీపుత్రుడనియు శాసనములలో వ్రాయించుకొనిరి. తల్లిని దలచుకొనక తమ పేరు చెప్పుకొనుట వారికి చాలినది కాదు. ఎనిమిది వందల ఏండ్ల తరువాత కాకతీయుల వంశమున గూడ ఇదియే క్రమము. బేతరాజు కుమారుడు ప్రోలరాజు. ప్రోలరాజు కుమారుడు రెండవ బేతరాజు. అతని కుమారుడు రెండవ ప్రోలరాజు. బేత, ప్రోల, బేత, ప్రోల యని తాతలు మనుమలందు తిరిగి తిరిగి వచ్చుచుండిరి.

మన ఇండ్లలోను ఇట్లే జరిగినది. దీనివలన ఒక చిక్కును గలిగినది, ఒక చమత్కారమును గలిగినది. మామగారి పేరు కోడలు నోట పలుకరాదు గదా! ఆ పేరే కొడుకునకు పెట్టినచో ఆమె బిడ్డనెట్లు పిలువగలదు? అందుచేత ఇంట పిలుచుటకు వేరొక పేరు పుట్టెను. బుచ్చి యనగా చిన్నది. బుచ్చయ్య, బుచ్చమ్మ యను పేర్లట్లు నిలిచినవి. చిట్టి, బుల్లి, పాప, అబ్బాయి యను ముద్దుపేర్లు ముసలితనము వచ్చినను వదలక, చిట్టెమ్మ, బుల్లెయ్య, పాపయ్య, అబ్బాయి యను పేర్లుగా స్థిరపడినవి. ఎనుబదియేండ్ల చిట్టెమ్మను జూచి పిల్లలు నవ్వుదురు. ఆ పేరు వెనుక, పెద్దవారి పేరు నోట పలుకలేని ఒక కోడలుండి యుండవచ్చునని వారికి దెలియదు.

ఇక రెండవ తెగ పేర్లు. వీనిని గూర్చియే నేను ముఖ్యముగ చెప్పవలసియున్నది. ఏలయన, వీనిని జూచియే నేటివారు ఎక్కువగ సిగ్గుపడుచున్నారు.

ఒకరి తరువాత ఒకరుగ బిడ్డలు పురిటిలోనే పోయిన ఇంట మరల బిడ్డ పుట్టినచో, ఆ తల్లికి సంతోషముకంటె భయమే మెండు. మంచి పేరు పెట్టి ముద్దు చేసినచో మృత్యువు కన్ను పడునని ఆమె భయము. అందుచేత బిడ్డను చేటలో బెట్టి పెంటకుప్పపై నుంచుదురు. మంత్రసానియో, పొరుగింటి యిల్లాలో ఆ బిడ్డను దొరికిన బిడ్డవలె ఎత్తుకొని వచ్చి తల్లిచేతిలో బెట్టును. ఆ బిడ్డ ఇక నీ కడుపున పుట్టినది కాదు, పెంటపై దొరికినది. కాన దానిపై మృత్యువునకు పని లేదు. ఆ మగబిడ్డ పెంటయ్య, ఆడుబిడ్డ పెంటమ్మ. భోజనము చేసి పారవైచిన ఎంగిలియాకును పుల్లాకు అందురు. ఆ యాకులపై దొర్లించి తీసికొన్న బిడ్డ పుల్లయ్య, పుల్లమ్మ. శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతములలో బిడ్డను పొరుగువారికిచ్చి, తవుడు కొలిచి మరల కొనుక్కొందురు. ఆ బిడ్డ తవిటయ్య, తవిటమ్మ. నాలుగిండ్ల భిక్షమెత్తి, ఆ గింజలతో బిడ్డను బెంచినచో భిక్షమయ్య, బిచ్చమ్మ. పిచ్చయ్య యను పేరునకును వెఱ్ఱికిని సంబంధము లేదనియు, అదికూడ భిక్ష యను మాటనుండియే వచ్చినదనియు పెద్దలందురు. తమిళులకు పిచ్చై యను పేరు గలదు. అచట ఆ మాటకు భిక్ష యనియే యర్థము. రాయలసీమలో తిప్పయ్య, తిప్పమ్మ యనునవి ఈ కోవలోనివే. తిప్ప యనగా కుప్ప.

ఈ భయము మన తెలుగువారికి మాత్రమే కలదనుకొనవలదు. వంగదేశమున తీన్‌కడి, పాంచ్‌కడి యను పేర్లు గలవు. మూడు గవ్వలకు కొన్న బిడ్డ, అయిదు గవ్వలకు కొన్న బిడ్డ యని వాని యర్థము. హిందీ మాటలాడు సీమలలో ఘూరే యను పేరు గలదు. అది మన పెంటయ్యయే. భాష మారినను తల్లి మనస్సు మారలేదు.

ఒక గ్రామమున ఒక వృద్ధురాలిని, “అవ్వా! కుమారునకు పెంటయ్య యని ఏల పేరు పెట్టితిరి?” అని నేనడిగితిని. ఆమె నన్ను జూచి, “నాయనా, మంచి పేర్లు పెట్టిన ముగ్గురూ పోయారు. ఈ చెడ్డపేరువాడు నిలిచాడు. నాకు ఇదే మంచి పేరు” అనెను. దీనికంటె నేను చేయదగిన వ్యాఖ్యానము లేదు. పెంటయ్య యను పేరును జూచి బడిలో పిల్లలు నవ్వవచ్చును. ఆ పేరునకు అర్థము చెత్త యని కాదు. “వీడు నాకు దక్కవలెను” అని దాని యర్థము. అంత ప్రేమ నింపుకొన్న పేరు మన నిఘంటువులలో ఎన్ని గలవు?

కుప్ప యను మాట విషయమున మరియొక సంగతి. కుప్ప యనునది చెత్తకే గాక ధాన్యమునకుకూడ కలదు. కళ్ళములో కుప్ప వేయుదుము గదా! నేటి మహబూబునగరము సీమలోని భూత్పూరునకు పూర్వము బూదపురమని పేరు. అక్కడ 1276వ సంవత్సరమున ఒక శాసనము వెలసినది. దానిని వ్రాయించినది కుప్పాంబిక. ఆమె రంగనాథరామాయణమును రచించిన గోన బుద్ధారెడ్డి కూతురు. ఆమె తెలుగున మొదటి కవయిత్రి యని పెక్కురు పండితుల మతము. కుప్పమ్మ యని పిలిచిన తలయెత్తుటకు సిగ్గుపడు నేటి ఆడుబిడ్డ, ఒక రాచకూతురు ఆ పేరునే రాతిపై చెక్కించుకొన్నదని ఎరుగవలదా?

ఐతే నన్ను మీరు అపార్థము చేసికొనవలదు. మీ మనుమనికి పెంటయ్య యని పేరు పెట్టుడని నేను చెప్పుట లేదు. ఆ పేరు అరుదగుట ఒకవిధముగా మన భాగ్యము. 1971వ సంవత్సరమున మన దేశమున పుట్టిన ప్రతి వేయిమంది బిడ్డలలో 129 మంది ఏడాది నిండకమునుపే మరణించిరి. 2020వ సంవత్సరము నాటికి ఆ సంఖ్య 28కి దిగినది. 1971కి ముందు తరములలో ఎట్లుండెనో మీకు నేను చెప్పనేల? పోలేరమ్మ కరుణవలన బ్రతికెనని పోలయ్య, పోలమ్మ యని పేర్లు పెట్టిన దినములు మీరెరుగుదురు. మశూచి యను ఆ మహమ్మారి మన దేశమునుండి తొలగిపోయినదని 1977వ సంవత్సరమున ప్రకటింపబడినది. టీకాలు వచ్చినవి, పురుళ్ళు ఆసుపత్రులలో జరుగుచున్నవి. బిడ్డను పెంటపై పెట్టవలసిన భయము తల్లికి తగ్గినది. భయము తగ్గినకొలది పేరు తగ్గినది. పేరు పోయినందుకు వగవనక్కరలేదు. ఆ భయము ఎట్టిదో, అది ఎట్లు పోయినదో మరచుట మాత్రము తగదు. టీకా లేల వేయింపవలెనని అడుగు చిన్నవానికి, వాని ముత్తాత పేరు పెంటయ్య యని చెప్పి, ఆ పేరు కథ చెప్పినచో అంతకు మించిన సమాధానము వేరొకటి లేదు.

పైకి వికారముగ గనబడు పేర్లన్నియు ప్రేమచే పెట్టినవి కావని కూడ చెప్పవలెను. మహారాష్ట్రమున వరుసగా ఆడుబిడ్డలు పుట్టిన ఇండ్లలో నకుశా యని పేరు పెట్టుట గలదు. అక్కరలేనిది యని దాని యర్థము. సతారా జిల్లాలో 2011వ సంవత్సరమున అట్టి పేరుగల 285 మంది బాలికలకు సభ జరిపి కొత్త పేర్లు పెట్టిరి. ఆ పని మెచ్చదగినది. పెంటమ్మను తల్లి దక్కించుకొనుటకై అట్లు పిలిచినది. నకుశాను వలదనియే అట్లు పిలిచిరి. ఒకటి నిలుపుకొనదగిన జ్ఞాపకము, మరియొకటి తుడిచివేయదగిన మచ్చ. పేరు చెవికి ఎట్లు వినబడునని గాక, ఏ మనస్సుతో పెట్టబడినదని విచారింపవలెను.

మన యూళ్ళలోనే పేరును పాడుచేసిన దురాచారము వేరొకటి గలదు. ఒకే పేరు ఒక ఇంట పుల్లయ్య, మరియొక ఇంట పుల్లిగాడు. పెట్టిన తల్లి పుల్లయ్య యనియే పెట్టినను, కులమును బట్టి చివరనున్న అయ్యను ఊడబెరికి పిలిచిరి. పేరులో అయ్య, అమ్మ యనునవి అలంకారములు కావు. మనిషికి ఇయ్యవలసిన మర్యాద. ఇప్పటికిని ఎవరి నోటనైన ఈ యలవాటు మిగిలియున్నచో దానిని మాన్పింపవలసినవారు పెద్దలే.

మూడవ తెగ పేర్లు క్షేత్రములను బట్టి వచ్చినవి. ఇవి ఒక పటమువంటివి. పేరు చెప్పిన చాలును, ఆ మనిషి పెద్దలు ఏ కొండకు మ్రొక్కిరో తెలియును. పెంచలయ్య, పెంచలమ్మ యన్నచో నెల్లూరు సీమ. అచట పెంచలకోన నరసింహస్వామి గలడు. పెనుశిల యనుమాటయే పెంచల యైనదందురు. మాలకొండయ్య, మాల్యాద్రి యన్నచో మాలకొండ. కోటయ్య, కోటమ్మ యన్నచో నరసరావుపేట చెంతనున్న కోటప్పకొండ. ఓబులేసు, ఓబయ్య, ఓబుళమ్మ యన్నచో అహోబిలము. మద్దిలేటి యన్నచో కర్నూలు సీమలోని మద్దిలేటి నరసింహస్వామి. యాదగిరి, యాదమ్మ యన్నచో యాదగిరిగుట్ట. రాజన్న, రాజేశము అన్నచో వేములవాడ. ఐలయ్య యన్నచో ఓరుగల్లు దాపుననున్న ఐనవోలు మల్లన్న. ఐలోని మల్లన్న యని జనులు పిలుతురు. సమ్మయ్య, సారయ్య యన్నచో మేడారము సమ్మక్క సారక్కలు. నూకరాజు, నూకాలమ్మ యన్నచో అనకాపల్లి. పైడిరాజు, పైడితల్లి యన్నచో విజయనగరము. పైడి యనగా బంగారము. అప్పలస్వామి, అప్పలనరసమ్మ, సింహాచలము, సింహాద్రి యన్నచో సింహాద్రి అప్పన్న యను దైవము. ఈ తెగలో ఒక విశేషమున్నది. సింహాచలము అను పేరు మగవానికిని గలదు, ఆడుదానికిని గలదు. కొండకు ఆడు మగ యను భేదము లేదు గదా!

ఈ పేర్లు ఎంతదూరము పోయినవో వినుడు. 1834వ సంవత్సరము మొదలు మారిషస్ దీవికిని, 1860వ సంవత్సరము మొదలు దక్షిణాఫ్రికాలోని నేటాలుకును చెరకుతోటలలో కూలిపనికై మనదేశపువారు ఓడలెక్కిపోయిరి. వారిలో మన కోస్తా జిల్లాలవారు అనేకులు గలరు. ఓడ యెక్కునప్పుడు వ్రాసికొన్న ఒంటి పేరే వారి సంతతికి ఇంటిపేరుగా నిలిచినది. నేటికిని ఆ దేశములలో అప్పలసామి, సిమాద్రి, సనాసి మున్నగునవి ఇంటిపేర్లుగా నున్నవి. అప్పలస్వామి, సింహాద్రి, సన్యాసి యను మన పేర్లే అవి. వారిలో పలువురికి నేడు తెలుగు రాదు. భాష పోయినది, ఊరు పోయినది, బంధుత్వము పోయినది. పేరొక్కటి మాత్రము పోలేదు. ఆ పేరు పట్టుకొని వచ్చినచో సింహాచలపు మెట్లదాక దారి దొరకును. సముద్రమవతల వారు నిలుపుకొన్నదానిని ఇంటనున్న మనము జారవిడుచుట న్యాయమా?

నాలుగవ తెగ పేర్లు మన యిరుగుపొరుగుల స్నేహమునకు సాక్ష్యములు. మస్తానయ్య, మస్తానమ్మ, సైదులు, సైదమ్మ, దస్తగిరి, దస్తగిరమ్మ, పీరయ్య, ఫకీరయ్య, ఉసేనయ్య, నాగూరయ్య యను పేర్లుగల హిందువులు మన యూళ్ళలో ఎందరో గలరు. సంతానము లేని తల్లులు, బిడ్డకు జబ్బు చేసిన తల్లులు దర్గాలకు బోయి మ్రొక్కుకొనిరి. కోరిక ఫలింపగా, గుడిలో పేరు పెట్టినట్లే ఆ మహాత్ముని పేరు పెట్టుకొనిరి. గుంటూరు సీమలో మస్తాను పేర్లు, నల్లగొండ, సూర్యాపేట సీమలలో జానుపహాడు దర్గాను బట్టి సైదులు పేర్లు మెండు. తమిళదేశమున సముద్రతీరమందున్న నాగూరు దర్గానుండి నాగూరయ్య వచ్చెను. పీర్లపండుగలో పీరునెత్తుకొన్నవారి ఇంట ఉసేనయ్య పుట్టెను. ఈ తల్లులు శాస్త్రచర్చలు చేయలేదు. బిడ్డ బ్రతుకవలెనన్న ఆర్తితో ఏ గడప దగ్గరనున్న ఆ గడప త్రొక్కిరి. మేలు పొందినందుకు జీవితాంతము చెప్పుకొనునట్లు ఆ పేరు బిడ్డకు గట్టిరి. మన పూర్వులు ఒకరినొకరు ఎట్లు చూచుకొనిరో తెలిసికొనుటకు మస్తానయ్య, సైదులు అను రెండు పేర్లు చాలును. ఆ పేరును మార్చుకొనుటయన, పెద్దలు పడిన ఋణమును కొట్టివేసికొనుటయే.

కృతజ్ఞతచే బెట్టిన పేర్లు మరికొన్ని గలవు. 1800వ సంవత్సరము మొదలు ఏడేండ్లు దత్తమండలములకు కలెక్టరుగా నుండి, పిమ్మట మద్రాసు గవర్నరైన తామస్ మన్రో 1827వ సంవత్సరమున పత్తికొండలో కలరా సోకి మరణించెను. ఆయనయందలి యభిమానముచే రాయలసీమలో కొందరు తమ బిడ్డలకు మన్రోలప్ప యని పేరు పెట్టుకొనిరి. ఇంగ్లీషు పేరునకు తెలుగు అప్పను జేర్చి తమవానిగ జేసికొనిరి. తరువాత కాలము మారినది, కోరికలు మారినవి, పేర్లు మారినవి. స్వరాజ్యోద్యమ దినములలో గాంధి, కస్తూరి, ఝాన్సీ యను పేర్లు పల్లెలకు వచ్చినవి. 1931వ సంవత్సరమున నల్లగొండ సీమలో పుట్టిన ఒక ఆడుబిడ్డకు, గాంధీమహాత్ముని పిలుపును తలచుకొని బంధువులు స్వరాజ్యమని పేరు పెట్టిరి. ఆమెయే తెలంగాణ పోరాటమున తుపాకి పట్టి, 2022వ సంవత్సరమున కన్నుమూసిన మల్లు స్వరాజ్యము. రాని స్వరాజ్యమును ముందుగ ఉయ్యాలలో పండబెట్టి పిలుచుకొన్న కాలమది.

ఇక చేయవలసిన పని యేమి? నాకు తోచినవి మూడు.

మొదటిది: ఒక నోటుపుస్తకము తెప్పించుకొనుడు. మీ ఇంటివారి పేర్లు, తెలిసినంతవరకు ముత్తాతనుండి వరుసగా వ్రాయుడు. ఒక్కొక్క పేరునకు ఎదుట నాలుగు సంగతులు వ్రాయుడు: ఎవరు పెట్టిరి, ఏల పెట్టిరి, ఏ దైవమునకో ఏ వ్యక్తికో సంబంధించినది, ఇంట ఏమని పిలిచెడువారు. స్త్రీల పేర్లు తప్పక వ్రాయుడు. మన వంశవృక్షములలో కొడుకులే గాని కూతుళ్ళు కనబడరు. పుట్టింటి పేరు అత్తింట మార్చబడిన కోడళ్ళు గలరు. వారి మొదటి పేరు వారినే యడిగి వ్రాయుడు. వ్రాయుటకు చూపు చాలనిచో, బడికిపోవు మనుమరాలి చేత వ్రాయింపుడు. ఆమెకు తన పెద్దల కథ తెలియుటయు ఆ పనియందే జరుగును. సర్కారు జనన పత్రమునందు పేరు ఉండును గాని పేరునకు హేతువుండదు. ఆ గడిని నింపవలసినవారు మీరు.

రెండవది: కొత్త బిడ్డకు పేరు పెట్టునప్పుడు పంతము పట్టవలదు, విరక్తియు వలదు. “మా నాయనపేరే పెట్టవలెను” అని పట్టుబట్టినచో చిన్నవారు మనస్సు కష్టపెట్టుకొందురు. “మీ యిష్టము” అని ఊరకున్నచో పాత పేరు పోవును. మధ్యమార్గము గలదు. పాత పేర్లలోనే చెవికి ఇంపైనవి, నేడు ఎవరికిని లేనివి పెక్కులు గలవు. మొల్ల యనగా ఒక జాతి మల్లెపువ్వు. రామాయణము వ్రాసిన కవయిత్రి పేరు. రుద్రమ ఓరుగల్లును ఏలిన రాణి పేరు. మైలమ ఆమె మేనత్త పేరు. బయ్యారము చెరువు త్రవ్వించి శాసనము వేయించిన పుణ్యాత్మురాలు. పైడి యనగా బంగారము. సింహాద్రి, యాదగిరి, మాల్యాద్రి యనునవి పలుకుటకు గంభీరములైనవి. తాతపేరు పూర్తిగ పెట్టుటకు ఇష్టము లేనిచో దానిని రెండవ పేరుగ నుంచవచ్చును. ఎవరికిని లేని పేరు కావలెనని కోరువారికి, ఎవరికిని లేనిదియు, తమ వంశమునకు మాత్రమే చెందినదియు అగు పేరును చూపవచ్చును.

మూడవది: బడిలోను, వీధిలోను పాత పేరును జూచి నవ్వు పిల్లవానిని దండింపవలదు. దగ్గర కూర్చుండబెట్టుకొని ఆ పేరు కథ చెప్పుడు. పుల్లమ్మ యను ముసలమ్మ ఏల పుల్లమ్మ యైనదో, ఆమెకు ముందు పుట్టినవారు ఏమైరో ఒకసారి వినినవాడు మరల నవ్వడు.

పెద్దలారా! శాసనములు రాతిపై నుండుటచే వేయేండ్లకైనను పండితులు వచ్చి చదువుదురు. మన తాతల పేర్ల హేతువులు మీ నాలుకపై మాత్రమే యున్నవి. వానిని ఈ యేడే, ఈ పంట నూర్పిళ్ళు ముగిసిన తీరికలోనే, కాగితముపై బెట్టుడు. ఇక సెలవు తీసికొందును.